బోల్తాపడిన జంటదోనెల పడవ

ప్రపంచ భాషలకు మన తూర్పు తీరము దానము చేసిన మాటలలో ‘కాటమరాన్’ ఒకటి. తమిళమున కట్టుమరము అనగా కట్టిన కొయ్య. తెలుగున మ్రాను అనునదియు, తమిళమున మరము అనునదియు ఒక్క కుదుటి మాటలే. విశాఖ, భీమునిపట్నము తీరములందలి జాలరులు ఇట్టి దానినే తెప్ప అనిరి. దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్లతో బిగించిన ఆ తెప్పకు నీరు నిలుచుటకు గుంట లేదు. అల మీదుగ దొర్లిపోయినను అది మునుగదు. ఇప్పుడు ఫైబరు పడవలు చాలవరకు దాని స్థానమును ఆక్రమించినవి.

అయితే నేడు ఇతర దేశములలో కాటమరాన్ అనిన తెప్ప కాదు; రెండు సన్నని దోనెలను కొంత ఎడముగ నుంచి, అడ్డుదూలములతో కలిపిన పడవ. దీనికి మూలము పసిఫిక్ ద్వీపవాసుల జంటదోనెలు. పేరు మనది, రూపము వారిది. 1876లో అమెరికాలో నెథానియల్ హెర్రెషాఫ్ అను నౌకాశిల్పి ‘అమరిల్లిస్’ అను జంటదోనెల పడవను నిర్మించి, న్యూయార్కు పోటీలో తక్కిన పడవలను వెనుకకు నెట్టెను. 1960ల చివర కాలిఫోర్నియా తీరమున హోబీ ఆల్టర్ అను వాడు ఇసుక మీదనుండియే నీటిలోనికి నెట్టుకొనిపోదగిన చిన్న పడవలను రూపొందించుటతో, ఇవి సామాన్యుల వినోదమునకు అందుబాటులోనికి వచ్చినవి.

వానిలో పేరొందిన హోబీ 16 అను పడవనే ఉదాహరణముగ తీసికొందము. దీని పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు. తెరచాప కొయ్య ఎత్తు 8 మీటర్లు. రెండు దోనెల నడుమ గట్టి గుడ్డను బిగించియుందురు. నావికుడు కూర్చుండునది దాని మీదనే. ఇద్దరు నడుపుటకు ఏర్పడిన ఈ పడవను ఒక్కడే తీసికొనిపోయి, నడి నీటిలో అది తిరగబడినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము బాహుబలములో లేదు. అది ఎక్కడ నున్నదో వివరించుటయే మా ఉద్దేశము.

మొదట పడవ ఏల తిరగబడునో చూతము. రెండు దోనెలు ఎడముగ నుండుటచే ఈ పడవ నిటారుగ నిలుచుట సులభము. కాని గాలి బలమై ఒక దోనె నీటిని వదలి లేచిన పిమ్మట, ఎంత ఎక్కువగ లేచిన అంతగ దాని నిలుకడ తరిగిపోవును. ఒక్కొకప్పుడు క్రింది దోనె ముందుమొన అలలోనికి దిగబడి, పడవ ముందువైపునకే పల్టీకొట్టును. సీసపు బరువును అడుగున మోయు పెద్ద పడవలు వాలినను తమంత తాము లేచును. జంటదోనెల పడవకు అట్టి బరువు లేదు. అది ప్రక్కకు పడియుండుట ఎంత సుఖముగ పడియుండునో, తలక్రిందులైన పిమ్మట అంతకంటె సుఖముగ తేలును. నిలువునా నిలిపిన గుణమే తలక్రిందులుగను నిలిపియుంచును.

కావున పడిన వెంటనే చేయవలసిన పని పడవను పట్టుకొనుట. ప్రక్కకు పడిన పడవను గాలి ఈతగానికంటె వేగముగ త్రోసికొనిపోవును. ఇద్దరున్నచో ఒకరైనను పడవ చెంత నుందురు; ఒంటరివానికి పడవ చేజారిన మరి తోడు లేదు. త్రాళ్లలో కాళ్లు చిక్కుకొనలేదని చూచుకొని, లైఫ్ జాకెట్ సరిగ నున్నదని నిశ్చయించుకొని, క్రింది దోనె మీదికి ఎక్కవలెను.

రెండవ పని చాపలను బిగించు త్రాళ్లను వదలుగ చేయుట. దీనిని మరచినవారు తరువాత ఎంత లాగినను ఫలముండదు. హోబీ 16 చాపల వైశాల్యము రమారమి 20 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు మందము నీరు నిలిచినను 200 లీటర్లు, అనగా 200 కిలోలు. త్రాళ్లు వదలుగ నున్నచో గుడ్డ ముడుచుకొని నీరు జారిపోవును. లేచిన తరువాత పడవ తనంత తాను పరుగెత్తిపోదు.

మూడవ పని గాలిని మిత్రునిగ చేసికొనుట. నావికుడు క్రింది దోనె ముందుమొన వైపునకు జరిగి కూర్చున్నచో ఆ కొస నీటిలోనికి దిగి లంగరు వలె పనిచేయును. వెనుక భాగమును గాలి నెట్టివేయును. కొంతసేపటికి పడవ ముందుమొన గాలికి ఎదురుగ తిరుగును. తెరచాప కొయ్య కొన కొంచెము గాలివైపునకు మరలియున్నచో మరింత మేలు. అప్పుడు చాప నీటిని వదలి జానెడు లేచినంతనే గాలి దాని క్రిందికి దూరి, తానే పైకెత్తును. గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. పడవేసిన గాలియే లేవనెత్తుటకును తోడ్పడుననుట దీని భావము.

ఇక లేవనెత్తుట. తెరచాప కొయ్య మొదట కట్టియుంచిన త్రాటిని పై దోనె మీదుగ విసరి, అడుగు వైపున క్రింది దోనెపై నిలువబడి, ఆ త్రాటిని పట్టుకొని వెనుకకు వాలవలెను. చేతులతో గుంజుట వృథా. శరీరమును కఱ్ఱవలె తిన్నగ నుంచి, వీపు నీటికి సమీపించునట్లు వాలి, ఓపికతో వేచియుండవలెను. నీరు కారుటకు వ్యవధి కావలెను. కొన్ని నిమిషములు పట్టవచ్చును.

ఇక్కడ చిన్న లెక్క చూడుడు. 70 కిలోల మనిషి పూర్తిగ వాలినపుడు అతని బరువు కేంద్రము పాదములకు సుమారు ఒక మీటరు దూరమున నుండును. 70ని ఒకటిచే గుణించిన 70. తూకపు కఱ్ఱపై అతని పాలు అంతే. సామాన్యముగ ఆ పాటి బరువుతో ఒక్క మనిషికి ఈ పడవ లేవదు. అందుచే అనుభవజ్ఞులు ఒక గట్టి గుడ్డసంచిని వెంట తీసికొనిపోదురు. దానిలో 30 లీటర్ల నీరు నింపి భుజమునకు తగిలించుకొన్నచో, ఆ బరువు పాదములనుండి దాదాపు 1.4 మీటర్ల దూరమున పనిచేయును. 30ని 1.4చే గుణించిన 42. మొత్తము 112. అనగా 70 కిలోల మనిషి 112 కిలోల మనిషి పని చేసినట్లే. నీటిలో మునిగియున్నంతసేపు ఆ సంచికి బరువు లేదు. నీటినుండి పైకి వచ్చినపుడే దాని బలము కానవచ్చును. దానిని శరీరమునకు ముడివేసికొనరాదు. క్షణములో వదలివేయగలట్లు తగిలించుకొనవలెను.

కొందరు కప్పీలను అమర్చుకొందురు. కప్పీ చేతుల శ్రమను తగ్గించును గాని, తూకమునకు క్రొత్త బరువును చేర్చదు. ఈ భేదము తెలియక కప్పీని నమ్ముకొన్నవారు నీటిలో నిరాశ పొందుదురు.

కొయ్య సగము లేచిన పిమ్మట పడవ ఒక్కసారిగ నిలుచును. పై దోనె నావికుని వైపే దిగును గనుక, అతడు రెండు దోనెల నడుమకు జారి ముందరి అడ్డుదూలమును పట్టుకొనవలెను. దీనివలన తల కాపాడబడును. పడవ రెండవ వైపునకు పడదు. నావికుని వదలి పారిపోదు.

పడవ పూర్తిగ తలక్రిందులైనచో పని ద్విగుణమగును. అప్పుడు గాలి పోవు దిక్కున నున్న దోనె వెనుక కొసపై నిలిచి, దానిని నీట ముంచుచు, గాలి వచ్చు దిక్కునందలి దోనె మీదుగ వేసిన త్రాటిని పట్టి వాలవలెను. పడవ మెల్లగ ప్రక్కకు వచ్చిన పిదప మొదట చెప్పిన పద్ధతియే. ఈ కష్టము రాకుండుటకే కొయ్యలోనికి నీరు చొరకుండ మూసియుంచుట, కొయ్య చివర తేలు బుఱ్ఱను కట్టుట వాడుకలోనికి వచ్చినవి. నీరు లోతు లేక కొయ్య కొన బురదలో దిగబడినచో బలముగ లాగరాదు, కొయ్య విరుగును.

మూడు నాలుగు ప్రయత్నములు విఫలమైనచో ఏమి చేయవలెను? ఆగవలెను. అలసిన చేతులు మరుసటి ప్రయత్నమున మరింత బలహీనమగును. దోనెపై కూర్చుండి విశ్రమించి, దూరమున పడవ కనిపించినపుడు రెండు చేతులను ప్రక్కలకు చాచి మెల్లగ పైకి క్రిందికి ఆడింపవలెను. ఇది అంతర్జాతీయముగ గుర్తింపబడిన ఆపత్సంకేతము. తడవని సంచిలో టెలిఫోను ఉన్నచో మన దేశమున తీరరక్షక దళపు సంఖ్య 1554. తీరము దగ్గరగ తోచినను పడవను వదలి ఈదరాదు. నీటిపై దూరము కన్నులను మోసగించును; వెదకువారికి మనిషి తలకంటె పడవ త్వరగ కనబడును.

వీనియన్నిటికంటె ముఖ్యమైన పని ఒడ్డున జరుగును. గాలి తేలికగ నున్న దినమున, లోతు చాలినంత గల ప్రశాంతమైన నీటిలో, దగ్గర మరియొక పడవను తోడుంచుకొని, తన పడవను తానే పడవేసి, ఒక్కడే లేవనెత్తి చూడవలెను. లేచినచో ఆ సంచిని, ఆ త్రాటిని ప్రతిదినము వెంట తీసికొనిపోవలెను. లేవనిచో ఆ పడవను ఒంటరిగ తీసికొనిపోరాదు; తోడు వెదకుకొనవలెను, లేదా చిన్న పడవను ఎంచుకొనవలెను. ఇందు నామోషీ లేదు. తన బరువు ఎంతయో, పడవ బరువు ఎంతయో ఎరిగి నడచుకొనుటయే నావికుని వివేకము.

మన ఇండ్లలో చాలమంది ఇట్టి పడవను ఎక్కియుండరు. అయినను సముద్రము మీదికి పోవు కొడుకో తమ్ముడో ఉన్న ఇల్లు మన తీరమున ప్రతి ఊరను కలదు. వారు బయలుదేరుటకు ముందు రేడియోలో వాతావరణ సూచనను వినిపింపుడు. ఏ వేళకు తిరిగి వత్తురో అడిగి తెలిసికొనుడు. ఆ వేళ దాటినచో ఆలసింపక కబురు చేయుడు. ఒంటరిగ పోయినవానికి ఒడ్డున నున్న తోడు ఇదియే.