బొగ్గు పెరిగింది, కొలువులు తరిగినై



మనం రాత్రి చదువుకునే లైటుకు కరెంటు ఎక్కడిది? దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి డెబ్బై పాళ్ళదాకా బొగ్గు మండిస్తేనే వస్తుంది. అందుకే దాన్ని నల్ల బంగారం అంటారు.

ఒకప్పుడు దేశంలో చాలా బొగ్గు బాయిలు ప్రైవేటు యజమానులవి. 1971–73 మధ్య ప్రభుత్వం వాటిని జాతీయం చేసింది. 1975లో కోల్ ఇండియా ఏర్పడింది. మన సింగరేణి వేరే సంస్థ. ఇల్లందు దగ్గర 1889లో దాని తవ్వకం మొదలైంది. ఇప్పుడు అందులో తెలంగాణది 51 శాతం, కేంద్రానిది 49 శాతం.

2024–25లో దేశం మొదటిసారి 100 కోట్ల టన్నుల బొగ్గు దాటింది. మరి కొలువులు పెరిగినయా? లేదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షమందికి పైగా పనిచేసేటోళ్ళు. ఇప్పుడు సుమారు 40 వేలే. బొగ్గు మాత్రం అప్పటికన్నా మూడింతలకు పైనే తీస్తున్నారు.

ఇదెట్లా అంటే, వెనుక ఫిల్లర్లు భూమి లోపల తట్టలతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవారు. ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్టులదే. పైమట్టి పేల్చి, షావెల్‌తో తోడి, డంపర్లతో మోస్తారు. పదుల మంది పని ఒక్క మిషను చేస్తుంది. మట్టి పని చాలావరకు కాంట్రాక్టు వాళ్ళదే. దీనికి మనుషులు తక్కువ చాలు గాని, భూమి ఎక్కువ కావాలి. ఆ భూమి చాలాచోట్ల అడవి, పోడు, గిరిజన గూడెం.

ముందు ముందు ఏమవుతుంది? 2020 నుంచి బొగ్గు బయట అమ్ముకునేందుకు ప్రైవేటు కంపెనీలకూ గనులు వేలం వేస్తున్నారు. 2070 నాటికి గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువూ, తిరిగి తగ్గించేదీ సమానం చేస్తామని 2021లో మన దేశం ప్రపంచానికి మాటిచ్చింది. సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు పెట్టింది. అంటే బొగ్గు రేపే ఆగదు గాని, ఎల్లకాలం ఉండదు.

"నాయన కొలువు నాకొస్తది, చదువెందుకు?" అని మనలో కొందరు అంటుంటారు. నేను చెప్పేది ఒక్కటే. ఆ నమ్మకంతో టెన్త్ ఆపొద్దు. ఐటీఐలో ఎలక్ట్రీషియనో, ఫిట్టరో నేర్చినోడికి బాయి మూసినా పని దొరుకుతుంది.

ఇంకొకటి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. పోడు హక్కులకు 2006 చట్టం ఉంది. గ్రామసభలో కాగితం చదివి చెప్పేటోడు ఊరికొకడన్నా ఉండాలి. వార్డెన్ సార్! ఒక ఆదివారం మాకు ఈ రెండు చట్టాలు చదివి వివరించగలరని కోరుతున్నాను.

– 10వ తరగతి విద్యార్థి