గడప దాటని రహస్యం: స్మార్ట్ కార్డు పనితీరు

ఏటీఎం కార్డు మీద, ఫోనులోని సిమ్ మీద మెరిసే బంగారు రంగు పలకనే చాలామంది చిప్పుగా భావిస్తారు గానీ, అది కరెంటునూ సంకేతాలనూ లోపలికి చేరవేసే మార్గం మాత్రమే. అసలు చిప్పు దాని కింద దాగి ఉంటుంది. ఆ కొద్దిపాటి సిలికాన్ ముక్కలో లెక్కలు చేసే ప్రాసెసర్, శాశ్వతంగా నిలిచే మెమరీ, కరెంటు ఉన్నంతసేపే పనిచేసే తాత్కాలిక మెమరీ ఇమిడి ఉంటాయి కనుక స్మార్ట్ కార్డును సొంత బ్యాటరీ లేని చిన్న కంప్యూటరుగా చూడటమే సరైనది.

పాత కార్డుల వెనుక ఉండే నల్లటి అయస్కాంత పట్టీని చదవగలిగిన ప్రతి యంత్రమూ అందులోని సమాచారానికి నకలు తీయగలదు; ఏటీఎంలకు దొంగ పరికరాలు బిగించి చేసే స్కిమ్మింగ్ మోసాలు ఆ ఒక్క బలహీనత మీదే నడిచాయి. చిప్పు కార్డులో రహస్య తాళంచెవి, అంటే బయటివారెవరికీ తెలియని ఒక పొడవైన సంఖ్య, చిప్పు లోపలే ఉండిపోతుంది. యంత్రం ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంఖ్యను పంపితే, చిప్పు తన తాళంచెవితో దాని మీద గూఢలిపి లెక్క చేసి జవాబును మాత్రమే బయటికి ఇస్తుంది కాబట్టి, నిన్నటి జవాబు దొంగ చేతికి చిక్కినా ఇవాళ్టి ప్రశ్నకు పనికిరాదు. పిన్‌ను కూడా చిప్పు తనలోనే సరిచూసుకోగలదు: సిమ్‌కు మూడుసార్లు తప్పు పిన్ ఇస్తే అది తనంతట తానే బిగుసుకుపోతుంది, దాన్ని విడిపించే పీయూకే సంఖ్యను పదిసార్లు తప్పుగా ఇస్తే ఇక ఎన్నటికీ తెరుచుకోదు.

జర్మనీలో హెల్మట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెత్లోఫ్ 1960ల చివరిలోనే ఈ ఆలోచన చేసినా, 1974లో రోలాండ్ మొరెనో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన ఫ్రాన్స్‌లోనే అది జనంలోకి వచ్చింది. 1977లో మిషెల్ ఉగోన్ కార్డులోకి ప్రాసెసర్‌ను చేర్చే పద్ధతి రూపొందించాడు. 1983లో టెలిఫోన్ బూత్‌లలో చిప్పు కార్డులు మొదలయ్యాయి. 1992 నాటికి ఫ్రెంచి బ్యాంకు కార్డులన్నిటికీ చిప్పు అమరింది.

అయితే చిప్పు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదని నేర్పిందీ ఫ్రాన్సే. అక్కడి అప్పటి కార్డు, యంత్రం వేసే కొత్త ప్రశ్నకు జవాబు లెక్కించడానికి బదులు, బ్యాంకు ముందే తయారుచేసి చిప్పులో ఉంచిన ఒక డిజిటల్ సంతకాన్ని మారకుండా ప్రతిసారీ చూపేది. ఆ సంతకానికి ఆధారమైన సంఖ్య పొడవు సుమారు 320 బిట్లు మాత్రమే కావడంతో, సెర్జ్ హంపిష్ అనే ఇంజనీరు దాన్ని కారణాంకాలుగా విడగొట్టి, సొంతంగా సంతకాలు తయారుచేసి, తన మాట నిజమని చూపడానికి 1998లో నకిలీ కార్డులతో పారిస్ మెట్రో టికెట్లు కొన్నాడు. లోపాన్ని బయటపెట్టిన ఆయన మీదే కేసు నడిచింది, 2000లో శిక్ష పడింది, ఆ శిక్ష అమలును కోర్టు నిలిపివేసింది. ఆ ఏడాదే ఆ కారణాంకాలు ఇంటర్నెట్‌లోకి రాగా, ఏ పిన్ కొట్టినా సరైనదేనని చెప్పే నకిలీ కార్డులు పుట్టుకొచ్చాయి. బ్యాంకులు తాళంచెవిని పొడిగించి, ఆ తరువాత ప్రతి లావాదేవీకీ కొత్త జవాబు లెక్కించే కార్డులకు మారాయి. హెచ్చరించిన మనిషిని శిక్షించడంతో లోపం పోదన్నది ఈ రంగం అందరికంటే ముందుగా గుర్తించవలసిన సంగతి.

గూఢలిపి పద్ధతినే రహస్యంగా ఉంచితే రక్షణ పెరుగుతుందన్న నమ్మకం కూడా నిలవలేదు. లండన్‌లో ప్రయాణానికి వాడే ఓయిస్టర్ కార్డులో ఒకప్పుడు పెట్టిన మైఫేర్ క్లాసిక్ చిప్పు పద్ధతిని తయారీదారు వెల్లడించలేదు. పరిశోధకులు చిప్పును పొరలు పొరలుగా పరిశీలించి దాన్ని తెలుసుకోగా, 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ బృందం దాని 48 బిట్ల తాళంచెవిని ఎంత తేలికగా రాబట్టవచ్చో చూపించింది. 2017లో ఎస్టోనియా గుర్తింపు కార్డుల్లో బయటపడిన లోపం ఇంకొక రకానిది: తాళంచెవులను చిప్పే తయారుచేసే తీరులో పొరపాటు ఉందని చెక్ పరిశోధకులు కనుగొన్నప్పుడు సుమారు 7.6 లక్షల కార్డుల ధ్రువపత్రాలను ప్రభుత్వం నిలిపివేసి, వాటిని సరిచేయవలసి వచ్చింది.

లోపాల సంగతి అలా ఉంచితే, స్మార్ట్ కార్డు చేసిన మేలూ ఉంది: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛన్ల చెల్లింపుకు వేలిముద్రలతో కూడిన స్మార్ట్ కార్డు పథకం అమలైంది. ముద్రల సమాచారం కార్డు చిప్పులో గానీ, చెల్లింపు చేసే గ్రామ ప్రతినిధి చేతి యంత్రంలో గానీ ఉండేది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్‌ల అధ్యయనం 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వెలువడి, కూలీ డబ్బు మునుపటికంటే త్వరగా చేరిందనీ, మధ్యలో మాయమయ్యే మొత్తం తగ్గిందనీ తేల్చింది. డబ్బు కోసం పదేపదే తిరిగే కూలీకి ఇది చిన్న మేలు కాదు.

ఇక బ్యాంకు కార్డుల విషయానికి వస్తే, భారత రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో అయస్కాంత పట్టీ మాత్రమే ఉన్న కార్డులు 2018 డిసెంబరు 31లోగా చిప్పు, పిన్ ఉన్న కార్డులుగా మారవలసి వచ్చింది. తాకించి చెల్లించే కార్డులకు 2021 జనవరి నుంచి 5,000 రూపాయల వరకు పిన్ అవసరం లేదు. అంటే ఆ మేరకు, కార్డు చేతిలో ఉన్నవారే యజమాని అని చిప్పు నమ్ముతుంది. కార్డు పోయిన వెంటనే దాన్ని బ్లాక్ చేయించడం, తాకించి చెల్లించే సదుపాయాన్ని వాడనివారు బ్యాంకు యాప్‌లో దాన్ని ఆపివేయడం చిప్పు తనంతట తాను చేయలేని పనులు.