ఉప్పుగాలియు బ్రేకు డిస్కులును

కోనసీమకు నీరే సిరి. ఒక వంక గౌతమి, మఱియొక వంక వసిష్ఠ, దిగువను సముద్రము. నడుమ కాలువలు, కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు. ఈ తేమ పైరునకు మేలు గాని యినుమునకు శత్రువు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కారుగలవారు వానకాలమున నొక వింత చూచియే యుందురు. సాయంకాలము నిగనిగలాడిన బ్రేకు డిస్కు తెల్లవారునప్పటికి ఇటుకరంగు దాల్చియుండును. దీనిని చూచి కొందఱు బెదరుదురు. కొందఱు బొత్తిగా లెక్కసేయరు. ఏ తుప్పునకు వెఱవవలెను, ఏ తుప్పునకు వెఱవ నక్కఱలేదు అనునదే నేటి ప్రసంగ విషయము.

డిస్కు అనగా చక్రముతోపాటు తిరుగు లోహపు పళ్లెము. దాని కిరువైపుల ప్యాడ్లు అను రాపిడి పలకలుండును. బ్రేకు తొక్కగానే ద్రవపు టొత్తిడిచేత కాలిపరు అను పట్టుకారు ఈ పలకలను పళ్లెమునకు అదుమును. రాపిడివలన బండి వేగము వేడిగా మారిపోవును. ఇట్టి బ్రేకునకు ఆంగ్లేయుడగు ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902 లో పేటెంటు పొందెను. 1953 లో ఫ్రాన్సు దేశమందలి లమాన్ పందెమున జాగ్వారు కార్లు ఈ బ్రేకులతో గెలిచిన పిదప వీని ఖ్యాతి లోకమంతట వ్యాపించెను.

కారు డిస్కును సాధారణముగా పోతయినుముతో చేయుదురు. అందలి సన్నని గ్రాఫైటు రేకులు వేడిని త్వరగా పంచిపెట్టును, మ్రోతను అణచును, వెలయు తక్కువ. తుప్పు పట్టుటయే దాని దోషము. రంగు పూసి కాపాడుదమన్నచో రాపిడి తగులు ముఖముపై రంగు నిలువదు. మోటారుసైకిలు డిస్కులను తఱచు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయుదురు గనుక వానికి తుప్పు తక్కువ.

ఇనుము, ప్రాణవాయువు, నీరు కలిసిననే తుప్పు పుట్టును. ఇది సూక్ష్మమైన విద్యుద్రసాయన వ్యాపారము. నీటిలో ఉప్పు కలిసినచో విద్యుత్తు సులువుగా ప్రసరించును, తుప్పును వేగముగా పెరుగును. కావుననే అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామముల బండ్లకు ఈ బాధ హెచ్చు.

ఒక్కరాత్రిలో పట్టినది పైపై పొర మాత్రమే. ఉదయమున బండి కదల్చి మెల్లగా రెండు మూడు మార్లు బ్రేకు వేసినచో, కొంచెము గరగరమని, ప్యాడ్లే దానిని తుడిచివేయును. దీనికి వెఱవ నక్కఱలేదు.

వెఱవవలసినది నిలువయున్న బండి తుప్పునకు. యజమాని హైదరాబాదునకో గల్ఫు దేశములకో పోవును. కారు నెలల తరబడి పెరటిలో నిలిచిపోవును. ప్యాడు ఆనియున్న చోట తేమ ఆరక, పళ్లెముమీద ప్యాడు ఆకారముననే మచ్చ పడును. తుప్పు లోతుగా తిని గుంటలు చేయును. పిమ్మట బండి నడపినప్పుడు చక్రము తిరిగినకొలది ఆ మచ్చ ప్యాడు క్రిందికి వచ్చి, కాలిక్రింద బ్రేకు కొట్టుకొనుచున్నట్లు తోచును.

ఇంతకన్న గూఢమైనది మఱియొకటి కలదు. డిస్కునకును అది కూర్చుండు హబ్బునకును నడుమ తుప్పు చేరినచో డిస్కు సరిగా కూర్చుండదు. తిరుగలి క్రింద గింజ యిరికిన, పై రాయి ఒరిగి ఒకవైపే అరుగును గదా! ఇదియు నట్లే. మిల్లీమీటరులో ఇరువదవ వంతు ఊగిసలాట చాలును. బ్రేకు వేయకున్నను డిస్కులో ఒకచోటు మాటిమాటికి ప్యాడును రాచుకొని పలుచబడును. మందములో భేదము వెండ్రుకపాటి లేకున్నను కాలికి తెలియును. దీనినే జనులు ‘డిస్కు వంగినది’ అందురు. పెక్కుమార్లు అది వంగినది కాదు, ఒకచోట ఎక్కువగా అరిగినది. చక్రపు నట్లను హెచ్చుతగ్గులుగా బిగించుటవలనను ఇట్టి ఊగిసలాట కలుగును.

మూడవది, కాలిపరు జరుగు పిన్నులు తుప్పుతో బిగిసిపోవుట. అప్పుడు లోపలి ప్యాడు లోహము తేలువఱకు అరిగినను, వెలుపలిది క్రొత్తదివలె నుండవచ్చును. పైనుండి చూచి బాగున్నదనుకొనుట అపాయకరము. ఒక చక్రము పట్టి రెండవది పట్టకున్నచో బండి ఒక ప్రక్కకు లాగును. పిట్టగోడలేని కాలువగట్టు బాటపై అడ్డముగా పశువు వచ్చినప్పుడు, ఆ లాగుడు బండిని ఎచటికి చేర్చునో చెప్పనక్కఱలేదు.

నివారణము కష్టము కాదు. బండి కడిగిన పిమ్మట వెంటనే నిలుపక, కొంతదూరము మెల్లగా నడపి బ్రేకు వేయుచు డిస్కులను ఆరబెట్టవలెను. తీరమునకు పోయివచ్చినచో చక్రములను మంచినీటితో కడుగవలెను. చాలకాలము నిలుపవలసివచ్చిన, చదునైన నేలను గేరులో నుంచి, చక్రములకు అడ్డుదుంగలు పెట్టి, చేతిబ్రేకు విడుచుట మేలు. డిస్కు విప్పినప్పుడెల్ల హబ్బు ముఖమును తీగబ్రష్షుతో శుభ్రము చేయించి, పిన్నులకు తగిన బ్రేకు గ్రీజు పెట్టింపవలెను. లోపలి ప్యాడును తప్పక చూపించుకొనవలెను. 2022 జులైలో గోదావరి పొంగి లంకగ్రామములను ముంచినట్లు వరద వచ్చి బండి మునిగినచో, బ్రేకులు విప్పించి ఒండ్రు కడిగించకుండ దానిని బాటకు ఎక్కింపరాదు.

ఒక హెచ్చరిక. కత్తికిని కొడవలికిని తుప్పు పట్టకుండ నూనె రాయుట మన యింటి యలవాటు. డిస్కునకు మాత్రము కొబ్బరినూనె యైనను, మఱి యే నూనె యైనను, చుక్కయు తగులరాదు. తుప్పు గరగరలాడి తన యునికిని చెప్పును. నూనె చెప్పకుండ జాఱవిడుచును.

డిస్కునకు కనీసపు మందము నిర్ణయింపబడియుండును. తఱచు దానిమీదనే ముద్రించియుందురు. అంతకు తగ్గినచో లేతుపై చెక్కించుటకు పూనుకొనక మార్పింపవలెను. ఒక ఇరుసునకున్న రెండు డిస్కులను ఒక్కమాఱే మార్చుట న్యాయము. డిస్కు ధర పెద్దదని తోచవచ్చును. కాని కాలువగట్టున బండి ఆగవలసినచోట ఆగుట దానిమీదనే యాధారపడియున్నది.