మరమనిషి ఆడిన ఏడు పెంకులాట

ఒకదానిపై ఒకటి పేర్చిన పెంకులను బంతితో పడగొట్టి, ఎదుటి జట్టువారి బంతి తగలకుండా తప్పించుకొంటూ వాటిని తిరిగి పేర్చడమే ఏడు పెంకులాట. ఈ ఆట ఆడని బాల్యం మన ప్రాంతంలో అరుదు. దీనినే 2022వ సంవత్సరంలో న్యూఢిల్లీలో మరమనుషులు ఆడినవంటే వింతగా తోచవచ్చు. ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002లో టోక్యోలో ప్రారంభించిన ‘రోబోకాన్’ పోటీలకు ఆ యేడు భారతదేశం ఆతిథ్యమిచ్చినది. ఆటను నిర్ణయించేది ఆతిథ్య దేశమే. మనవారు ఎన్నుకొన్నది ‘లగోరీ’, అనగా మన ఏడు పెంకులాటయే. పెంకులకు బదులు అయిదు బిళ్ళలు. ఆటగాళ్ళకు బదులు విద్యార్థులు స్వయంగా నిర్మించిన యంత్రాలు. ఒక యంత్రం బంతి విసరి దొంతిని కూలుస్తుంది. దాని జోడు యంత్రం బిళ్ళలను ఏరి పేరుస్తుంది. ప్రత్యర్థి యంత్రం ఆ పేర్చేదాని నెత్తిమీది బంతిని కొట్టి పడవేయజూస్తుంది.

ఎనిమిదేళ్ళ బాలుడు అవలీలగా ఆడే ఆటకు ఇంజనీరింగు విద్యార్థులు నెలల తరబడి శ్రమించడం దేనికి? బాలుని కన్ను దూరాన్ని అంచనా వేస్తుంది, చేయి తగిన బలంతో విసురుతుంది, గురి తప్పితే మనస్సు మరుసటిసారికి సరిదిద్దుకొంటుంది. ఈ మూడు శక్తులనూ యంత్రానికి విడివిడిగా సమకూర్చవలసి ఉంటుంది. కంటికి బదులు కెమెరాలు, దూరాన్ని గ్రహించే సెన్సార్లు. కండరాలకు బదులు బ్యాటరీతో తిరిగే మోటార్లు. మెదడుకు బదులు అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు. ఏ క్షణాన ఏమి చేయవలెనో దానికి వరుస తప్పకుండా తెలిపే ఆదేశాల మాలికయే ప్రోగ్రాము.

ఈ భావన నిన్న మొన్నటిది కాదు. దియార్‌బకర్ ఆస్థానంలో పనిచేసిన అల్ జజరీ 1206లో పూర్తిచేసిన యంత్రశాస్త్ర గ్రంథంలో, వాద్యకారుల బొమ్మలు గల పడవ ఒకటి వర్ణింపబడినది. తిరిగే దిమ్మెకు అమర్చిన మేకులు మీటలను తాకగా ఆ బొమ్మలు వాద్యాలను మ్రోగించేవి. మేకుల స్థానం మార్చితే దరువు మారుతుంది. 1804లో ఫ్రాన్సు దేశీయుడైన జకార్డు చిల్లుల అట్టలతో మగ్గాన్ని నడిపించినాడు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ పోగు లేచిన పిదప పేక నడవవలెనో ఎరిగిన మంగళగిరి నేతగానికి ప్రోగ్రాము అనగానేమో వేరే చెప్పనవసరం లేదు. పేరొక్కటే ఆయనకు క్రొత్త.

అయితే ఆదేశాలను వరుసగా ఇచ్చినంతమాత్రాన పని నెరవేరదు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు పదడుగులు పోయిన బంతి, శక్తి సన్నగిల్లగానే తొమ్మిదడుగుల వద్దనే పడిపోవచ్చు. కనుక విసరే చక్రం ఎంత వేగంతో తిరుగుతున్నదో సెన్సారు ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలి. కోరిన వేగానికీ ఉన్న వేగానికీ గల తేడాను లెక్కించి, మోటారుకు అందే విద్యుత్తును ప్రోగ్రాము హెచ్చిస్తుంది, లేదా తగ్గిస్తుంది. సెకనులో అనేక పర్యాయాలు ఈ దిద్దుబాటు సాగుతుంది. ఎడ్లబండి తోలేవాడు బాటను చూస్తూ పగ్గాలను బిగించి సడలించడం ఇటువంటిదే.

ఇంతటి పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. చట్రం నిర్మించేవారు, విద్యుత్ పరికరాలు కూర్చేవారు, ప్రోగ్రాము వ్రాసేవారు అని జట్టు మూడు శాఖలుగా పనిచేస్తుంది. యంత్రం కదలకపోతే ప్రోగ్రామునే నిందించడం పరిపాటి. తీరా పరిశీలిస్తే ఒక తీగ వదులై ఉంటుంది. దోషం ఎవరిదని వాదించుట మాని, దోషం ఎక్కడున్నదని ఒక్కొక్క భాగాన్ని విడిగా పరీక్షించే జట్టే ముందుకు సాగుతుంది.

యంత్రమంటే మన ఊరిలో కొందరికి అనుమానం కలగడం సహజం. మరమగ్గం వచ్చి చేనేతవాని నోటి కూడు తీసినదన్న బాధ ఇక్కడ పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదు. ‘రోబో’ అన్న మాట పుట్టుకలోనే ఆ బాధ ఉన్నది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వెలువరించిన నాటకం ద్వారా ఆ మాట లోకానికి పరిచయమైనది. దానికి మూలమైన ‘రోబోత’కు అర్థం వెట్టిచాకిరి. వెట్టి యంత్రానిదా, మనిషిదా అన్నదే నేటికీ అసలు ప్రశ్న. యంత్రాన్ని కొని వాడుకోవడం మాత్రమే నేర్చినవాడు, దానిని చేసినవాడు చెప్పినట్లు నడుచుకోక తప్పదు. విప్పి, కూర్చి, నడిపించడం నేర్చినవానికి అది పనిముట్టు అవుతుంది. నేతవారి బిడ్డలకు, మెకానిక్కుల బిడ్డలకు చేతిపని సహజంగా అబ్బిన విద్య. దానిని చదువు కన్న తక్కువగా భావించడం మాని, గణితంతో జోడించిననాడు వారు ఎవరికీ తీసిపోరు.

విద్యార్థి మిత్రులారా! ఆరంభానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. 2005లో ఇటలీలో రూపొందిన ఆర్డుయినో పలక వంటివి సామాన్య విద్యార్థి కొనగల సాధనాలే. తెల్లకాగితంపై నల్లని గీత గీయండి. రెండు చక్రాల బండికి గీత చెరొకవైపున చూసే రెండు కాంతి సెన్సార్లు అమర్చండి. తెలుపు కాంతిని త్రిప్పి పంపుతుంది, నలుపు గ్రహిస్తుంది. ఎడమ సెన్సారుకు నలుపు కనిపిస్తే ఎడమ చక్రం వేగం తగ్గాలి, కుడి సెన్సారుకు కనిపిస్తే కుడి చక్రం వేగం తగ్గాలి. ఈ రెండు వాక్యాలే మీ మొదటి ప్రోగ్రాము. బండి గీత తప్పక మలుపు తిరిగిననాడు మీ జట్టు ఏర్పడినట్లే.