వీధి బాగుపడితే సరా?



పెళ్ళిళ్ళ రోజులు రాగానే హైదరాబాదులో మనలాంటి వాళ్ళకి చార్మినారు గుర్తుకొస్తుంది. పక్కనే లాడ్ బజారు. ఒక కొట్లో లక్క గాజులు, ఇంకో కొట్లో జరీ అంచులు, ఎదురుగా తోపుడు బండి మీద పిన్నీసులూ జడరిబ్బన్లూ. బేరమాడకపోతే కొట్టువాడికే తోచదు. ఆ సరదా అంతా తీరాక, ఆటో ఎక్కుతూ మనం అనేమాట ఒకటుంది చూడండి: "అబ్బ, ఈ బళ్ళూ, ఫుట్‌పాత్ మీద పడుకునే ఈ మనుషులూ లేకపోతే ఎంత బాగుండును! గొలుసు భద్రం, సంచీ భద్రం అనుకుంటూనే నడవాలి." నేనూ అన్నాను. ఇవాళ ఆ మాటనే కాస్త విప్పి చూద్దాం.

1591లో కట్టిన చార్మినారు చుట్టూ మోటారు బళ్ళు తిరగకుండా, నడిచేవాళ్ళకే వదిలిపెట్టాలన్న ఆలోచన 1990ల నాటిది. నేలమీద రాళ్ళు పరవటానికే ఏళ్ళు పట్టింది. పరిచాక కంటికి ఇంపుగానే ఉంది, కాదనను. కానీ వీధిని బాగుచెయ్యటం మన వంటిల్లు వెల్లవేయించటం లాంటిది కాదు. వంటింట్లో సామాను నాలుగురోజులు వరండాలో పడేస్తాం. వీధిలో సామానంటే మనుషులే. వాళ్ళని ఏ వరండాలో పెడతాం?

రోడ్డు తవ్వినన్నాళ్ళూ గిరాకీ రాదు, అద్దె మాత్రం ఆగదు. తీరా వీధి బాగుపడ్డాక అద్దె పెరుగుతుంది. అప్పుడు పెద్ద కొట్టు నిలబడుతుంది, చిన్న కొట్టు తలుపు వేసేస్తుంది. లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఇక్కడి సరుక్కే చెల్లుతుంది. సంతోషమే. లక్కని నిప్పుసెగమీద మెత్తబరిచి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ అద్దాలి. ఆ పని చాలావరకు ఇరుకు ఇళ్ళలో ఆడవాళ్ళూ చేస్తారు. కొట్టు మూతబడితే ముందు ఆగిపోయేది వాళ్ళ కూలే. మనకి కొట్టు కనిపిస్తుంది గానీ ఆ ఇల్లు కనిపించదు.

ఇక బండి సంగతి. జడరిబ్బన్లమ్మే ఆమెని అడిగాను, "వెనక సందులో పెట్టుకోరాదా అమ్మా?" అని. "ఇక్కడైతే నన్ను గుర్తువడ్తరమ్మా. ఆ గల్లీల పెడితే కుక్క గూడ రాదు," అంది. బండివాళ్ళకి నిలబడే చోటే పెట్టుబడి. పైగా సరుకుకి రోజువారీ అప్పు తెచ్చుకునేవాళ్ళు ఎందరో. పొద్దున తొమ్మిదివందలు చేతికిచ్చి, సాయంత్రానికి వెయ్యి అడిగే ఆసాములున్నారు. ఒక్కరోజు బండి లేస్తే ఆ వడ్డీ ఎక్కడినించి తేవాలి? 2020లో మొదలైన స్వనిధి పథకంలో బ్యాంకు తొలి అప్పు పదివేలు ఇచ్చింది, 2025లో దాన్ని పదిహేనువేలు చేశారు. ఐతే దానికి ముందు చేతిలో కాయితం ఉండాలి.

ఆ కాయితం కథ తెలుసుకోవలసిందే. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ముందు బండ్లన్నీ లెక్కరాసి సర్టిఫికెట్లివ్వాలి. లెక్క పూర్తికాకుండా ఎవర్నీ లేపకూడదు. తరలించాలంటే ముప్ఫైరోజుల ముందు నోటీసివ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి చేతికివ్వాలి. అడిగితే పళ్ళూ కూరలూ ఆరోజే, తక్కినవి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. స్థలాలు తేల్చే కమిటీలో నూటికి నలభైమందికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. ఇవన్నీ జరుగుతున్నాయా అంటారా? బండి లాగేసేటప్పుడు జాబితా రాయటం నేనైతే చూడలేదు.

ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళంతా బిచ్చగాళ్ళనీ దొంగలనీ మన అనుమానం. వాళ్ళలో తాపీపని కూలీలుంటారు, పెళ్ళిళ్ళలో ఎంగిలి ప్లేట్లు కడిగేవాళ్ళుంటారు, ఇంట్లోంచి గెంటేసిన ముసలివాళ్ళుంటారు. 2011 జనాభా లెక్కల్లో మనదేశపు పట్టణాల్లోనే ఇల్లులేనివాళ్ళు తొమ్మిది లక్షల పైచిలుకు. లక్షమందికో రాత్రి ఆశ్రయం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు అంది. దానికి వెళ్ళరేం అంటే, తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్లో మూటలెత్తాల్సినవాడు ఆరుమైళ్ళ దూరాన ఎలా పడుకుంటాడు? భార్యాభర్తల్ని విడదీసే చోటికి సంసారం ఎలా వెళుతుంది? 1981లో బొంబాయిలో వానాకాలంలో ఫుట్‌పాత్ వాళ్ళని లేపేస్తుంటే ఓల్గా టెలిస్ అనే పత్రికా రచయిత్రి కోర్టుకెక్కింది. 1985 తీర్పులో, బతుకుతెరువు కూడా బతికే హక్కులో భాగమేనన్నారు. ఐతే ముందు చెప్పి, వాళ్ళ మాట విని ఫుట్‌పాత్ ఖాళీ చేయించవచ్చని కూడా అన్నారు. సగం గెలుపే అనుకోండి.

మరి మన గొలుసు మాటేమిటి? ఆ భయం ఉత్తది కాదు. కానీ గొలుసు తెంపేవాడు చాలాసార్లు మోటారుసైకిలు మీద వస్తాడు. వాడికి కావలసింది మనుషుల్లేని రోడ్డు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి ఆ బండీ లేదు, పారిపోయి దాక్కునే ఇల్లూ లేదు. నిజానికి డబ్బు బొడ్లో దోపుకుని ఆరుబయట పడుకుంటాడు కాబట్టి దోపిడీ భయం మనకన్నా వాడికే ఎక్కువ. జేన్ జేకబ్స్ అనే అమెరికా ఆవిడ 1961లో తన పుస్తకంలో ఇదే వివరించింది: వీధిని ముందుగా కాపాడేది పోలీసులు కాదు, కొట్టుముందు కూర్చున్నవాళ్ళ కళ్ళు. అమెరికా దాకా ఎందుకు, రంజాన్ నెలలో చార్మినారు దగ్గరికి అర్ధరాత్రి వెళ్ళి చూడండి. చంటిపిల్లల్నెత్తుకుని ఆడవాళ్ళు బేరాలాడుతుంటారు. అవే వీధులు, అవే బళ్ళు.

మొన్న ఆ రిబ్బన్లావిడని సర్టిఫికెట్టుందా అని అడిగాను. కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన కాయితం చూపించింది. చినుకులు పడుతున్నాయి. గబగబా మళ్ళీ ముడేసుకుని, "రిబ్బను ఎన్ని గజాలియ్యాలె?" అంది.