గోల్కొండ సముద్ర ద్వారం - బందరు కోట

గోల్కొండ కోటను చూడని హైదరాబాదీ అరుదు. కాని గోల్కొండ సంపద ఏ దారిన ప్రపంచానికి వెళ్ళిందో చూసి వచ్చినవారు మనలో ఎందరు? ఉస్మాన్‌గంజ్ నుంచి నాలుగడుగులు వేస్తే ఇమ్లీబన్ బస్టాండ్. అక్కడ బస్సెక్కితే సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరవచ్చు. దూరం సుమారు 340 కిలోమీటర్లు.

ఈ ఊరికి మరో పేరు బందరు. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. కుతుబ్‌షాహీల కాలంలో దక్కను రాజ్యానికి ఇదే ప్రధాన సముద్ర ద్వారం. ఇక్కడి నుంచి కలంకారీ బట్టలు ఇరాన్‌కు, బర్మాకు, సుమత్రాకు వెళ్ళేవి. ఎర్ర సముద్రం వైపు సాగే ఓడల్లో సరుకుతోపాటు హజ్ యాత్రికులూ ఉండేవారు. ఇరాన్ నుంచి వచ్చి గోల్కొండ మంత్రి పదవికి ఎదిగిన మీర్ జుమ్లా అంతకుముందు ఈ రేవు పాలనాధికారే. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు.

కోట ఊరికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, సముద్రం పక్కన ఉండేది. చుట్టూ గోడలు, బురుజులు. వెలుపల బురద నేల. ఊరి నుంచి కోటకు ఎత్తుగా వేసిన బాట ఒక్కటే దారి. 1750లో కోట ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 మార్చిలో కల్నల్ ఫోర్డ్ సైన్యం దాన్ని ముట్టడించింది. ఎవరూ దాటలేరని లోపలివారు నమ్ముకున్న ఆ బురదలోంచే ఒక దండు రాత్రివేళ నడిచి వచ్చింది. ఫ్రెంచివారికి సాయంగా బయలుదేరిన నిజాం సలాబత్ జంగ్ అప్పటికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నారు. కోట పడిపోయింది. మే నెలలో కుదిరిన ఒప్పందంతో ఆయన బందరును ఆంగ్లేయులకు వదులుకున్నారు. హైదరాబాద్ రాజ్యం సముద్రానికి దూరం కావడం అలా మొదలైంది.

శత్రువు చేయలేనిది ప్రకృతి చేసింది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు ఉప్పెన తోడై ఊరిని ముంచెత్తింది. సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత సైన్యం కోటను విడిచిపెట్టింది.

ఇప్పుడు వెళ్ళేవారికి కనిపించేది మందపాటి గోడల ఆయుధాగారం, గంట గోపురం, శిథిలాలు. ఊళ్ళో డచ్చివారి సమాధులున్నాయి. రాళ్ళ మీద వారి వంశ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. దగ్గరలోని పెడనలో కలంకారీ అద్దకం ఇంకా సాగుతోంది. గోల్కొండ ఓడల్లో వెళ్ళిన ఆ విద్య నేటికీ బతికి ఉండడం చూస్తే మనసుకు ఊరట కలుగుతుంది.

బందరుకు కొత్త పోర్టు కోసం 2023 మేలో శంకుస్థాపన జరిగింది. కొత్త రేవు రావడం సంతోషమే. పాత రేవు గుర్తులు కూడా నిలవాలంటే వాటిని అడిగి చూసేవారు ఉండాలి. చూడవచ్చేవారు లేని కట్టడాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈసారి సెలవుల్లో పిల్లలకు గోల్కొండ చూపించినవారు, డిసెంబరు - ఫిబ్రవరి మధ్య ఒక రోజు వీలు చేసుకుని బందరు కోటనూ చూపించండి. తిరిగి వచ్చేటప్పుడు బందరు లడ్డు తెచ్చుకోవడం మరవకండి.