‘120 బీట్స్ పర్ మినిట్’: పత్రాల్లో చోటులేని బంధానికి హక్కులేమిటి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉపాధి కోసం వచ్చిన తెలుగువారి కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. సుభాష్‌పల్లి వంటి పేటలున్న ఈ ఊరిలో కుటుంబమంటే రక్తసంబంధం మాత్రమే కాదు. రైల్వే పాసులో, పింఛను పత్రాల్లో పేరున్నవారు కూడా. మరి ఆ పత్రాల్లో చోటులేని బంధం సంగతేమిటి? 2017 నాటి ఒక ఫ్రెంచ్ చిత్రం ఈ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది.

కథ ఏమిటి?

రోబిన్ కాంపియో దర్శకత్వం వహించిన ‘120 బీట్స్ పర్ మినిట్’ కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి పొందింది. 1990ల ఆరంభంలో, ఎయిడ్స్‌పై ప్రభుత్వం, ఔషధ సంస్థలు చూపిన అలసత్వాన్ని నిలదీసిన ‘యాక్ట్ అప్ - పారిస్’ ఉద్యమం దీని నేపథ్యం. దర్శకుడు స్వయంగా ఆ ఉద్యమంలో పనిచేశారు.

ఉద్యమంలో కలిసిన నాథన్, షాన్ ప్రేమించుకుంటారు. షాన్‌కు హెచ్‌ఐవీ ఉంది, నాథన్‌కు లేదు. వారి సాన్నిహిత్యాన్ని చిత్రం దాచదు. అయితే శయ్యపై మొదలైన ఆ దగ్గరితనం క్రమంగా రోగికి చేసే సేవగా మారుతుంది. షాన్ మరణించాక అతని తల్లి, నాథన్ చితాభస్మాన్ని పంచుకోవడం గురించి మాట్లాడుకుంటారు. చట్టం గుర్తించని బంధాన్ని ఒక తల్లి గుర్తిస్తుంది.

ఫ్రాన్స్‌లో తర్వాత ఏం జరిగింది?

ఆ రోజుల్లో అద్దె ఒప్పందం మరణించినవారి పేరిట ఉంటే, బతికున్న భాగస్వామి ఇల్లు వదలవలసి వచ్చేది. ఇటువంటి అనుభవాలే చట్టం కోసం ఒత్తిడి పెంచాయి. 1999లో ‘పాక్స్’ పేరిట పౌర ఒప్పందం, 2013లో స్వలింగ వివాహం అక్కడ చట్టబద్ధమయ్యాయి.

భారత్‌లో పరిస్థితి ఏమిటి?

వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పునిచ్చింది. వివాహ హక్కు కోసం హైదరాబాద్‌కు చెందిన జంట తదితరులు వేసిన పిటిషన్లపై మాత్రం 2023 అక్టోబరు 17న భిన్నమైన ఫలితం వచ్చింది. వివాహం ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయవలసింది పార్లమెంటేనని ధర్మాసనం పేర్కొంది.

ఆ తర్వాత 2024లో కేంద్రం కొన్ని స్పష్టతలిచ్చింది. రేషన్ కార్డు విషయంలో స్వలింగ భాగస్వాములను ఒకే కుటుంబంగా పరిగణించవచ్చు. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి ఆటంకం లేదు. సమీప బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని కోరవచ్చు.

స్వార్జిత ఆస్తిని వీలునామా ద్వారా ఎవరికైనా ఇవ్వవచ్చు. కుటుంబ పింఛను అలా కాదు. అది నిబంధనలు గుర్తించిన భార్యకో, భర్తకో, పిల్లలకో, ఇతర ఆశ్రితులకో మాత్రమే చెందుతుంది. రైల్వే ఉద్యోగి స్వలింగ భాగస్వామికి ఆ జాబితాలో నేటికీ చోటు లేదు.

చిత్రంలో నాథన్ హక్కు తల్లి మంచితనంపై ఆధారపడింది. ఇక్కడ కూడా మృతదేహంపై భాగస్వామి మాట చెల్లేది బంధువులు లేనప్పుడే. వారు వచ్చి కాదంటే, అతనికి మిగిలేది వారి దయ మాత్రమే.